నలభై కిలోల డ్రై ఐస్

అక్టోబరు 20

ఒరేయ్ చిన్నోడా,

పోయిన ఉత్తరానికి జవాబు రాయలేదని మీ ఆవిడ దగ్గర నా మీద చాడీలు చెప్పే ఉంటావు. చెప్పుకో. ఇక్కడ నా తల నా దగ్గర లేదు.

మా స్కూలు ల్యాబ్ అసిస్టెంటు రిటైరవుతున్నాడు. హెడ్మిస్ట్రెస్ నన్ను గదిలోకి పిలిచింది. ఏదో పగలగొట్టానేమో, తిట్టడానికే అనుకుని వెళ్లాను. "ఇన్నేళ్లుగా సీసాలు కడుగుతున్నావు కదమ్మా, కెమిస్ట్రీ పరీక్ష ఒక్కటి గట్టెక్కు, ఆ కుర్చీ నీదే" అంది. పరీక్ష నవంబరు పదిహేనున. నలభై రెండేళ్ల వయసులో హాల్ టికెట్టు కోసం ఫొటో దిగితే స్టూడియో అతను "పాసుపోర్టుకా మేడమ్?" అని అడిగాడు. అవునన్నాను.

మొదటి మూడు పాఠాలూ బాగానే నడిచాయి. నాలుగో పాఠంలో మోలు అని ఒకటి వచ్చింది, అక్కడ కూలబడ్డాను. ఒక చోట బరువంటాడు, ఇంకో చోట లెక్కంటాడు. ఏదో ఒకటి అనొచ్చు కదా! నువ్వు కెమిస్ట్రీలో డిగ్రీ తెచ్చుకున్నవాడివి. కంపెనీ మూతపడి మందుల డిపోలో వ్యాను తోలుతున్నావు గానీ, చదివింది ఎక్కడికి పోతుంది? నాకు అర్థమయ్యేలా రాయి.

ఇంకో సంగతి. నాన్న దగ్గు తగ్గలేదని రాశావు. ఇక్కడ ఊపిరితిత్తుల డాక్టరు ఒకాయన కొత్తగా వచ్చాడు, నెమ్మదైన మనిషి. చలి ముదరకముందే నాన్నను తీసుకురా. కొన్నాళ్లు నా దగ్గరే ఉంటారు.

నీ పరీక్షల అక్క

అక్టోబరు 26

అక్కా,

నీ ఉత్తరం చదివి మీ మరదలు ఎంత నవ్విందో చెప్పలేను. పాసుపోర్టు దగ్గర మళ్లీ చదివించుకుంది.

సరే, పాఠం. మేకుల కొట్టుకు వెళ్లి వెయ్యి మేకులు కావాలంటే కొట్టువాడు కూర్చుని లెక్కపెడతాడా? తూకం వేస్తాడు. వంద మేకుల బరువు తెలిస్తే చాలు, వెయ్యి ఎంత తూగుతాయో తెలిసిపోతుంది. పరమాణువులదీ అదే దారి. ఏరి లెక్కపెట్టలేం కాబట్టి తూస్తాం. డజను అంటే పన్నెండు ఎలాగో, మోలు అంటే ఆరు వందల రెండు కోట్ల కోట్ల కోట్లు అలాగ. కోట్లు మూడుసార్లు అన్నాను, తప్పు కాదు. పన్నెండు గ్రాముల బొగ్గు తూస్తే అందులో సరిగ్గా అన్ని కార్బన్ పరమాణువులుంటాయి. ఆక్సిజన్ అయితే పదహారు గ్రాములు తూయాలి, ఎందుకంటే దాని పరమాణువు ఇంకాస్త బరువు. గుమ్మడికాయల డజనూ నిమ్మకాయల డజనూ ఒకే బరువు తూగవు కదా!

బరువు చేతిలో ఉంటే ముందు మోలులోకి మార్చు. మోలు నుంచి లెక్కకు వెళ్లు. మధ్యలో మోలును దాటేసి దూకబోతే కాలు విరుగుతుంది. ఇంకొకటి గుర్తుపెట్టుకో: అన్నీ గ్రాముల్లో ఉండాలి. నేను పిల్లలకు ట్యూషన్ చెప్పినప్పుడు నూటికి ఎనభై మంది అక్కడే బోల్తా పడేవాళ్లు.

నీకు రెండు లెక్కలు. ముప్పై ఆరు గ్రాముల బొగ్గులో ఎన్ని పరమాణువులు? తొమ్మిది గ్రాముల నీళ్లలో మొత్తం ఎన్ని పరమాణువులు? రెండోదానిలో మెలిక ఉంది.

డిపోలో నాకూ ఇంకో ఇద్దరికీ కొత్త వ్యాన్లు ఇచ్చారు. పాతదాంట్లో డ్రైవరుకీ సరుకుకీ మధ్య రేకు గోడ ఉండేది. ఇది లోపలంతా ఒకటే గది. తలుపులకు మంచి రబ్బరు, రవ్వంత గాలి కూడా దూరదు. ఈ చలికాలం హాయిగా గడిచిపోతుంది. మిగతా డ్రైవర్లకు కళ్లు కుడుతున్నాయి. "మాస్టారికి మేడ ఇచ్చారు" అంటున్నారు.

నాన్నను తెస్తాను. మూడు వారాల్లో నీ ఊరి వైపు డ్యూటీ పడుతుంది.

నీ గురువు (దక్షిణ మాట తర్వాత)

నవంబరు 1

గురువు గారికి,

మొదటిది మూడు మోలులు, కాబట్టి పద్దెనిమిది వందల ఆరు కోట్ల కోట్ల కోట్లు. రెండోదానికి ముందు అర మోలు అని రాసి, ఆగాను. నీటిలో ఒక్కో అణువుకు మూడు పరమాణువులు కదా! హైడ్రోజన్ రెండు, ఆక్సిజన్ ఒకటి. అంటే ఒకటిన్నర మోలు. తొమ్మిది వందల మూడు. మెలిక పట్టుకున్నాను! పట్టుకోగానే వంటింట్లోకి వెళ్లి మీ బావకు చెప్పాను. ఆయన "కూర మాడుతోంది" అన్నారు.

ఇంకా ఇవ్వు. బొగ్గూ నీళ్లూ కాదు, నిజంగా ఎక్కడో ఉన్న వస్తువు ఇవ్వు. నీ వ్యాన్లో మందుల పక్కన పొగలు కక్కే డ్రై ఐస్ పెడతావు కదా, అది కార్బన్ డయాక్సైడే అని నువ్వే చెప్పావు. ఎన్ని కిలోలు వేస్తావు? అది గాలిగా మారితే ఎంత చోటు పడుతుంది? గాలుల లెక్క మా పాఠంలో ఆఖర్న ఉంది, మామూలు గది వేడిలో ఒక మోలు ఏ వాయువైనా ఇంచుమించు ఇరవై నాలుగు లీటర్లట.

ఎప్పుడు బయల్దేరుతున్నారో ముందుగా రాయి. నాన్నకు గది సర్దాలి.

అక్క

నవంబరు 7

అక్కా,

ఇది వ్యాన్లో కూర్చుని రాస్తున్నాను. ఆసుపత్రి గేటు దగ్గర సరుకు దించుకునేవాడు ఇంకా రాలేదు. బయట ఎముకలు కొరికే చలి, అద్దాలు బిగించుకుని కూర్చున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే క్షమించు. తల దిమ్ముగా ఉంది.

నువ్వడిగిన లెక్క. డ్రై ఐస్ నలభై కిలోలు వేస్తారు. కార్బన్ పన్నెండు, ఆక్సిజన్లు రెండు పదహార్లు, మొత్తం నలభై నాలుగు. నలభైని నలభై నాలుగుతో భాగిస్తే సున్నా పాయింటు తొమ్మిది మోలు. దాన్ని ఇరవై నాలుగుతో గుణిస్తే ఇరవై రెండు లీటర్లు. అంతే. ఒక పెద్ద బకెట్టు. అదీ మొత్తం ఆవిరైతే. నేను దిగేసరికి నాలుగైదు కిలోలు తగ్గి ఉంటుంది, ఎటు పోతుందో మరి.

ఈ మధ్య ఈ తలనొప్పి వదలడం లేదు. ఇంట్లో ఉన్నప్పుడు ఏమీ ఉండదు, డ్యూటీ ఎక్కిన కాసేపటికి మొదలు. ఆయాసం కూడా. కంటి డాక్టరు కళ్లజోడు మార్చమన్నాడు, మార్చాను. మొన్న దిగుతూ తూలాను. మీ మరదలు నా నోరు వాసన చూసింది! "తాగలేదే తల్లీ" అంటే నమ్మదు. రెండు రోజులు మాటల్లేవు.

పద్దెనిమిదో తారీఖు నాన్నను తీసుకుని బయల్దేరతాను. వెనక పెట్టెల మధ్య నేల మీద పరుపు వేసి పడుకోబెడతాను, మెత్తగా నిద్రపోతూ వస్తారు. ఆ దగ్గుకు గాలి తగలకూడదు కాబట్టి అద్దాలన్నీ బిగించే తోలతాను. ఎనిమిది గంటల దారి. సగం దూరంలో నేను ఎప్పుడూ టీ తాగే పెట్రోలు బంకు ఉంది, అక్కడ ఒకసారి ఆపుతాను.

వాడు వచ్చినట్టున్నాడు. ఉంటాను.

తమ్ముడు

నవంబరు 11

తమ్ముడూ,

ఈ ఉత్తరం ఎక్కడ అందినా సరే, ముందు వ్యాను దిగి చదువు.

నీ లెక్క తప్పు. నలభై కిలోలను నలభై నాలుగు గ్రాములతో భాగించావు! కిలోలను గ్రాములు చేయలేదు. నూటికి ఎనభై మంది బోల్తా పడే చోటని నాకు చెప్పిన మనిషివి, నువ్వే అక్కడ పడ్డావు. మొదట నవ్వుకున్నాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. చిన్నప్పటి నుంచి నీ లెక్కలో ఇలాంటి తప్పు నేను చూడలేదు. ఇంట్లో కూర్చుని రాసిన ఉత్తరంలో ఒక్క అంకె తేడా లేదు. వ్యాన్లో కూర్చుని రాసినదాంట్లో వెయ్యింతలు తేడా.

సరిగ్గా వేశాను. నలభై వేల గ్రాములు, తొమ్మిది వందల తొమ్మిది మోలులు, ఇరవై ఒక్క వేల ఎనిమిది వందల లీటర్లు. బకెట్టు కాదురా. అంతా ఒక్కసారి ఆవిరైపోదు, ఒప్పుకుంటాను. నువ్వే రాశావు, దిగేసరికి నాలుగైదు కిలోలు తగ్గుతుందని. ఎటు పోతుందన్నావు కదా, నీ ముక్కులోకి పోతోంది! అయిదు కిలోలంటే నూట పదమూడు మోలులు, రెండు వేల ఏడు వందల లీటర్లు. మా వీధిలో నీదిలాంటి వ్యాను ఒకటుంది, టేపు పట్టుకెళ్లి కొలిచాను. దాని ఓనరు కొంటానేమోనని ధర చెప్పాడు. మూడు మీటర్ల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు. పెట్టెలు పోను ఆరు వేల లీటర్ల గాలి. సందుల్లోంచి కొంత బయటికి పోతుంది, సరే. కానీ మా ల్యాబ్ గోడ మీది చార్టులో రాసి ఉంది: గాలిలో నూటికి పది పాళ్లు ఆ వాయువు చేరితే మనిషి స్పృహ తప్పుతాడు. నీ తలనొప్పి కళ్లజోడు వల్ల కాదు. మా మరదలికి చెప్పు, నువ్వు తాగడం లేదని. తాగి ఉంటే బాగుండేదనిపిస్తోంది.

పైగా ఈ వాయువు మామూలు గాలి కంటే బరువు. అడుగున పేరుకుంటుంది. నాన్నను అక్కడే, నేల మీద పడుకోబెడతానంటున్నావు.

ఉత్తరం చేరడం ఆలస్యమవుతుందని హెడ్మిస్ట్రెస్ గదిలోంచి మీ డిపోకు ఫోన్ చేశాను. గుమాస్తా ఎత్తాడు. "నాన్నను ఆ వ్యాన్లో తీసుకురావద్దని చెప్పండి, డ్రై ఐస్ ఉండగా ఎక్కొద్దని చెప్పండి, నాకు ఫోన్ చేయమనండి" అని రెండుసార్లు చెప్పాను. వెనక ఎవరో అరుస్తున్నారు. "సరేనమ్మా, చెప్తాలే" అని పెట్టేశాడు.

బస్సులో రండి. నువ్వు కూడా ఆ వ్యాను ఎక్కకు.

అక్క

నవంబరు 12

అక్కయ్య గారికి,

డిపో గుమాస్తా అందరి ముందూ చెప్పాడు. "మాస్టారూ, మీ అక్క ఫోన్ చేసింది, మీ నాన్నను తీసుకురావద్దంది." ఇంకేమైనా చెప్పిందా అంటే "ఐస్ గురించి ఏదో అంది, నాకు అర్థం కాలేదు" అన్నాడు. ఐస్ లెక్కలు నీకు ముఖ్యం, నాన్న కాదు.

రమ్మన్నది నువ్వు. డాక్టరున్నాడన్నది నువ్వు, గది సర్దుతానన్నది నువ్వు. పరీక్ష ముంచుకొస్తోంది కాబట్టి ముసలాయన అడ్డమయ్యాడా? అదే ముక్క నాకు రాస్తే సరిపోయేది. డిపోలో నలుగురి నోట వేయించాలా?

ఇంటికొచ్చి మీ మరదలికి చెబుతుంటే నాన్న విన్నారు. గోడ వైపు తిరిగి పడుకున్నారు. అన్నం తినలేదు. చాలాసేపటికి లేచి, "ఎప్పుడు బయల్దేరదాం?" అన్నారు. "వద్దందట కదా నాన్నా" అంటే, "అందుకే వెళ్దాం. నా మొహం చూసి చెప్పమను" అన్నారు. పద్దెనిమిది దాకా ఆగనన్నారు. ఇంకో డ్రైవరుతో డ్యూటీ మార్చుకున్నాను. పద్నాలుగు పొద్దున్నే బయల్దేరుతున్నాం. ఈ ఉత్తరం మాకంటే ముందే నీ చేతిలో పడితే తలుపు తీసి ఉంచు, లేకపోతే మేమే తట్టుకుంటాం.

ఇట్లు,
మీ తమ్ముడు

నవంబరు 14, మధ్యాహ్నం

చిన్నోడా,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. పద్దెనిమిది అన్నావని, అప్పటికి నా ఉత్తరం చేరిపోతుందని ధైర్యంగా ఉన్నాను. మీరు బయల్దేరి మూడు గంటలు దాటి ఉంటుంది. దీన్ని ఎక్కడికి పంపాలో తెలీదు. అయినా ఊరికే కూర్చోలేక రాస్తున్నాను.

మళ్లీ డిపోకు చేశాను. అదే గుమాస్తా. "వెళ్లిపోయారమ్మా, మంచిగా పరుపు వేసుకుని వెళ్లారు" అన్నాడు. "నేను వద్దన్నది నాన్నను కాదయ్యా, వ్యానును" అన్నాను. "రెండూ ఒకటే కదమ్మా" అన్నాడు. వాణ్ని తిట్టడానికి కూడా టైము లేదు.

నువ్వు టీ తాగే బంకు గుర్తొచ్చింది. హెడ్మిస్ట్రెస్ డైరెక్టరీ తిరగేసి ఆ దారిలోని బంకులన్నిటికీ ఒకటొకటిగా కలిపింది. మూడోది నీదే. ఓనరు నిన్ను గుర్తుపట్టాడు. "చక్కెర ఎక్కువేయించుకునే మాస్టారేనా?" అన్నాడు. అవును, వాడే, వాణ్ని ఆపండి, తలుపులన్నీ తెరవండి, నేల మీద మా నాన్న పడుకుని ఉంటారు అని అరిచాను. అతను ఎందుకని అడగలేదు. "ఎర్రగుడ్డ పట్టుకుని రోడ్డు మీద నిలబడతా" అని ఫోన్ పెట్టేశాడు.

అప్పటి నుంచీ ఈ ఫోన్ పక్కనే కూర్చున్నాను. పరీక్ష రేపు. పుస్తకం ముందుంది, ఒక్క ముక్క కనపడటం లేదు. నీ మీద కోపం లేదురా. నువ్వు నాన్న కోసం కోప్పడ్డావు.

ఫోన్ మోగుతోంది.

నవంబరు 24

అక్కా,

ఆసుపత్రిలో ఏం జరిగిందని నువ్వు ఎన్నిసార్లు అడిగినా ఆక్సిజన్ మాస్కు పెట్టుకుని తప్పించుకున్నాను. నాన్నను నీతో పంపించాక ఇల్లు చేరి, ఇప్పుడు రాస్తున్నాను.

ఆ పొద్దున పరుపు వేశాను. నాన్న దాని వంక కూడా చూడలేదు. "రోగిష్టి వాడిలా మోయించుకుని దాని గుమ్మంలో దిగను. కూర్చునే వస్తా" అని నా పక్క సీట్లో ఎక్కారు. రెండు గంటలయ్యాక "ఊపిరాడట్లేదు" అని అద్దం బెత్తెడు దించారు. "చలి నాన్నా, దగ్గొస్తుంది" అని పైకెత్తాను. మళ్లీ దించారు. మళ్లీ ఎత్తబోతే నా చేతి మీద ఒక్కటిచ్చారు. నా వైపు చూడకుండా ఆ సందుకు మొహం పెట్టి కూర్చున్నారు. అలిగారు కదా అని వదిలేశాను.

నా వైపు అద్దం బిగించే ఉంది. బంకు కనపడింది. ఎవరో రోడ్డు మధ్యలో ఎర్రగుడ్డ ఊపుతున్నాడు. నాకు కనపడుతూనే ఉంది అక్కా. ఎర్రగుడ్డ అని తెలుస్తోంది. దానికి నేనేం చేయాలో మాత్రం తెలియడం లేదు. బ్రేకు అనే మాట గుర్తు రాలేదు. అతను పక్కకు దూకాడు. ఆ తర్వాత నాకేమీ తెలియదు.

మిగతాది నాన్న చెప్పారు. నా తల స్టీరింగు మీద వాలగానే పిలిచారట, కొట్టారట. పుట్టి బుద్ధెరిగాక ఆయన స్టీరింగు ముట్టుకోలేదు. మా ఇద్దరి మధ్యనున్న హ్యాండ్‌బ్రేకును నేను లాగడం ఎప్పుడో చూశారు, రెండు చేతులతో లాగారు. వ్యాను రోడ్డు దిగి పొదల్లో ఆగింది. బంకు ఓనరు మోటారు సైకిలు మీద వెంటపడి వచ్చి తలుపులన్నీ బార్లా తీశాడు. నన్ను కాళ్లు పట్టి లాగాడు. నాన్నను ఎత్తబోతే "ముందు వాణ్ని చూడు" అని కసిరారట.

పరుపు మీద పడుకోబెట్టి ఉంటే? నేల మీద, అద్దాలు బిగించి, అయిదు కిలోలు. ఆ లెక్క వేయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

ఇవాళ డిపోకు వెళ్లాను. మేనేజరు "ఇన్నేళ్లలో ఎవడూ చావలేదయ్యా" అన్నాడు. నీ పదకొండో తారీఖు ఉత్తరం బల్ల మీద పెట్టి లెక్క చూపించాను. "మధ్యలో గోడ పెట్టించండి, పైన గాలి రంధ్రాలు పెట్టించండి. అందాకా నేను ఎక్కను" అన్నాను. "ఎక్కకపోతే ఇంటికెళ్లు" అన్నాడు. అప్పుడు గుమ్మంలో ఇంకో డ్రైవరు, "నాకూ తలనొప్పి వస్తోంది సార్" అన్నాడు. వాడి వెనక మరొకడు. సాయంత్రం దాకా ఆ కొత్త వ్యాన్లు ఒక్కటీ గేటు దాటలేదు. రేపేం జరుగుతుందో చూడాలి. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదు.

ఒక్కటి అడుగుతాను. పదిహేనో తారీఖు పొద్దున్నే ఆసుపత్రిలో నా మంచం పక్కన ఉన్నావు. హాల్ టికెట్టు నీ సంచిలో ఉందని మీ మరదలు చూసింది. నువ్వు ఒక్క మాట చెప్పలేదు. నేను నీకేమని రాశానో తలుచుకుంటే ఈ కాగితం మీద మొహం పెట్టుకోలేకపోతున్నాను.

నీ తమ్ముడు

డిసెంబరు 1

చిన్నోడా,

పరీక్ష ఏప్రిల్లో మళ్లీ ఉంది. అప్పటిదాకా కుర్చీ ఖాళీగా ఉంచుతానని హెడ్మిస్ట్రెస్ అంది. నువ్వు మొహం పెట్టుకోలేకపోవడం ఆపి, తర్వాతి పాఠం రాయి. ఆమ్లాలు, క్షారాలు. అక్కడా మోలు ఉంది, ఈసారి నాకు భయం లేదు.

గోడ పెట్టిస్తామని మేనేజరు ఒప్పుకున్నాడని మరదలు ఫోన్లో చెప్పింది. పెట్టాక ఎక్కు, పెట్టిస్తానన్నాక కాదు.

డాక్టరు నాన్నను చూశాడు. పాత దగ్గేనట, మందు మార్చాడు. అన్నం బాగా తింటున్నారు. కూరలో ఉప్పు తక్కువైందని రోజూ చెబుతున్నారు కాబట్టి కోలుకున్నట్టే. గుమాస్తా మాట ఎలా తిరగబడిందో కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. ఫోన్లో నేనేమన్నానో, అతనేమని చెప్పాడో, మోలు అంటే ఏమిటో, అన్నీ. శ్రద్ధగా విన్నారు. "అర్థమైంది" అన్నారు.

సాయంత్రం పక్కింటాయన పలకరించడానికి వచ్చాడు. నేను వంటింట్లో ఉన్నాను. నాన్న గొంతు వినిపించింది: "మా అమ్మాయి ఫోన్ చేసి నన్ను రావద్దంది. ఆ ఒక్క మాటే నన్ను బతికించింది. అంత కోపం రాకపోతే నేను ఆ పరుపు మీద పడుకుని ఉండేవాణ్ని."

రోజూ ఎవరో ఒకరు వస్తారు. రోజూ అదే చెబుతారు. నేను దిద్దడం మానేశాను.

అక్క